ఎడమ మోకాలి గుట్టు

నేను ఒక మోకాలి మీద ఆరేళ్ళు కాపురం ఉన్నాను. ఆ మోకాలికి ఏ జబ్బూ లేదు. ఈ సంగతి అప్పట్లో తణుకు ఊళ్ళో ఒక మొగుడికీ పెళ్ళానికీ తప్ప ఎవరికీ తెలియదు. నాకు తెలుసు గానీ నోరు లేదు. నోరున్నవాళ్ళు ఆ ఆరేళ్ళూ నా గురించి ఎంతెంత మాట్లాడారో తలుచుకుంటే, లేకపోవడమే నయమనిపిస్తుంది.

మోకాలి పట్టీని నేను. మందుల షాపువాళ్ళు ఇంగ్లీషులో ‘నీ క్యాప్’ అంటారు. ఉత్తరాదిన ఎక్కడో ఒక మిల్లులో రబ్బరు దారమూ నూలు దారమూ కలిపి గొట్టంలా అల్లి, అంచులు కుట్టి, నన్నూ నా కవల చెల్లెల్నీ ఒకే అట్టపెట్టెలో పెట్టారు. పెట్టె మీద పరిగెడుతున్న మనిషి బొమ్మ ఉండేది. దాన్ని చూసి పరుగుపందేలకే పుట్టాననుకున్నాను. తీరా మమ్మల్ని కొన్నది సీతారత్నమ్మ గారు. ఆవిడ మాతో చేసిన పరుగల్లా పడగ్గదిలోంచి టీవీ దాకానే.

రెండో వారానికి ఆవిడకు మా మీద నమ్మకం పోయి నూనెలకు మారిపోయారు. నా చెల్లెలు వంటింట్లో వేడి గిన్నెలు దించే మసిగుడ్డ అయింది. నా గతీ అదే కావలసింది గానీ, ఆ వారంలోనే ఆవిడ అల్లుడు దొరబాబు కింద పడ్డాడు.

దొరబాబుకు కాలిపోయిన మోటార్లకు రాగితీగ చుట్టే షాపు ఉంది. సాయంత్రమయ్యేసరికి షాపు మూసేసి గోస్తనీ క్లబ్బు తరఫున బాస్కెట్‌బాల్ ఆడతాడు. మీసం రాని రోజుల నుంచీ అదే క్లబ్బు, అదే సిమెంటు కోర్టు. ఆ కోర్టు మీదే బోర్లా పడి ఎడమ మోకాలు వాచిపోతే, భార్య మంగతాయారు తల్లి బీరువాలోంచి నన్ను తీసి తొడిగింది. నెల తిరక్కుండా వాపు తగ్గింది, నొప్పి పోయింది. నన్ను తీసి అవతల పారేయవచ్చు. ధైర్యానికి ఉంటుంది, ఒక్క మ్యాచ్ అయ్యాక తీసేద్దాం అనుకున్నాడు.

ఆ మ్యాచ్‌లో భీమవరం జట్టువాడు ముందు బంతిని కాదు, నన్ను చూశాడు. ఈ మనిషి ఎడమ కాలు పనికిరాదు, ఎడమవైపు తిరగలేడు అని లెక్క వేసుకుని, కుడివైపే అడ్డం నిలబడ్డాడు. ఎడమవైపు దారంతా ఖాళీ. దొరబాబుకు తన కళ్ళ మీద తనకే నమ్మకం కలగలేదు. తర్వాత తీరిగ్గా ఎడమవైపు నుంచి వెళ్ళి బంతి వేసి వచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ వేశాడు.

ఇంటికి వచ్చి భార్యతో అన్నాడు, "ఇంక దీన్ని తియ్యను."

"నొప్పి లేని కాలికి పట్టీ ఏటండీ, సిగ్గు లేకపోతే సరి," అంది మంగతాయారు.

"నొప్పున్నోడికి ఇది నొప్పి తగ్గిస్తాది. నాకు దారిస్తాది."

అలా నేను ఉద్యోగంలో కుదిరాను. ఆటలో పట్టీ ఉంటే చాలదు, బజార్లో నడిచేటప్పుడూ కాస్త కుంటాలి. దొరబాబు శ్రద్ధగానే కుంటేవాడు గానీ, మాటల్లో పడితే ఏ కాలో మరిచిపోయేవాడు. అప్పుడు వెనక సంచీ పట్టుకుని వస్తున్న మంగతాయారు పళ్ళ మధ్య నుంచి "ఎడం, ఎడం" అని గొణిగేది.

కోర్టు గోడకు ఆనుకుని ఒక పెసరట్ల కొట్టు ఉంది. ఆదివారం పొద్దున్న గోస్తనీ అభిమానులంతా అక్కడ చేరతారు. వీళ్ళలో బంతి పట్టుకున్నవాళ్ళు తక్కువ, పట్టుకున్నవాళ్ళను ఎలా పట్టుకోవాలో చెప్పగలిగినవాళ్ళు ఎక్కువ. క్లబ్బు నడిచేది వీళ్ళ చందాలతో కనుక వీళ్ళ మాటకు విలువుంది. మా లీగులో ఒక పద్ధతి కూడా ఉంది. ఆటలు మొదలయ్యే ముందు ఒక క్లబ్బు తన ఆటగాణ్ణి ఇచ్చి ఇంకో క్లబ్బు ఆటగాణ్ణి తెచ్చుకోవచ్చు. ఆ నిర్ణయం పెసరట్ల కొట్టు దగ్గర చేతులెత్తి చేస్తారు.

నేను ఉద్యోగంలో చేరిన ఆరో ఏడు నిడదవోలు క్లబ్బు నుంచి కబురొచ్చింది. దొరబాబును ఇస్తే ఫణీంద్రను ఇస్తామని. ఫణీంద్రకు ఇరవయ్యేళ్ళు, తాటిచెట్టంత మనిషి. అంతటి పొడగరిని వాళ్ళు ఎందుకు వదులుకుంటున్నారని ఒక్కరూ అడగలేదు. ఆ కుర్రాడు బంతి చేతికొస్తే ప్రాణం పోయినా ఇంకొకడికి ఇవ్వడన్న సంగతి తర్వాత గానీ తెలియలేదు.

ఇచ్చేద్దామన్నవాళ్ళకు పెద్ద సుబ్బరాజు, ఎరువుల కొట్టాయన. ఉంచుకుందామన్నవాళ్ళకు పెద్ద కామేశం గారు, రిటైరయిన పోస్టుమాస్టరు.

"ఆ పట్టీ చూశారా అండీ?" అన్నాడు సుబ్బరాజు. "పోయినేడు ఉత్తి పట్టీయే ఉండేది. ఈ ఏడు దాని మీద ఇంకో గుడ్డేసి కుట్టారు. లోపల ఎంత ముదిరిపోయుంటాదో మీరే ఆలోచించండి."

నిజానికి నన్ను ఎలక కొట్టింది. మంగతాయారు పాత లంగా గుడ్డ ముక్క వేసి కుట్టింది.

"అతను కాలుతో ఆడతాడేటయ్యా, బుర్రతో ఆడతాడు," అన్నారు కామేశం గారు.

"ఆ బుర్రని మొయ్యాల్సింది ఆ కాలే గదండీ."

దీనికి జవాబుగా కామేశం గారు ఇంకో పెసరట్టు చెప్పారు. అప్పటి నుంచీ వారమంతా ఊళ్ళో ఇదే గోల. నా రంగు వెలిసిందని ఒకడు, వదులయ్యానని ఒకడు, బిగుసుకుపోయానని ఒకడు. మోకాలి డాక్టర్లు కూడా మోకాలిని అంత పరీక్షగా చూడరు. ఎవరూ మోకాలిని చూడలేదు, అందరూ నన్నే చూశారు.

శనివారం సాయంత్రం మంగతాయారు మొగుణ్ణి నిలదీసింది. "రేపు చెప్పెయ్యండి. కాలు బానే ఉందని ఒక్క మాట. మీరిక్కడే ఉండిపోతారు."

"పెసరట్ల కొట్టు కాడ చెప్తే సాయంత్రానికి నిడదవోలుకి, పొద్దున్నకి భీమవరానికి తెలిసిపోద్ది. ఇంక ఎడమేపు నాకెవడు దారిస్తాడు? నా ఈడోడికి ఊపిరా, ఊపా? మిగిలింది ఇదొక్కటే. ఇది పోయాక నన్నుంచుకుని వాళ్ళేం చేసుకుంటారు?"

"చెప్పకపోతే పంపించేస్తారు."

ఆ కోర్టు వదిలి వెళ్ళడం ఆయనకు ఎంత కష్టమో నాకు తెలుసు. పక్క ఊరే, అరగంట ప్రయాణమే. అయినా ఇన్నేళ్ళ తర్వాత ఇంకో ఊరి చొక్కా తొడుక్కుని అదే గేటులోంచి రావాలంటే ఎలా ఉంటుంది? చెబితే ఆట పోతుంది, చెప్పకపోతే ఊరు పోతుంది. రెండిటికీ కారణం నేనే. నాకు ఏడుపొచ్చింది, పట్టీలకు చెమట తప్ప ఏదీ రాదు గానీ.

ఆదివారం సుబ్బరాజు అందరి ముందూ సూటిగానే అడిగాడు. "దొరబాబూ, మాకెందుకు, నువ్వే చెప్పు. కాలెలా ఉంది?"

నా కింద కండ బిగుసుకుంది. చెప్పేస్తాడనుకున్నాను.

"అప్పుడప్పుడూ లాగుతుందండి," అన్నాడు.

చేతులు లేచాయి. కామేశం గారూ ఆయన పక్కనున్న నలుగురూ తప్ప అందరూ ఎత్తారు. ఆ తర్వాత ఎవరూ దొరబాబు మొహంలోకి చూడలేదు. ఆయన విస్తట్లో మాత్రం అడక్కుండానే రెండో పెసరట్టు, మూడో పెసరట్టు పడ్డాయి. మనుషులకు తప్పు చేశామనిపిస్తే ముందు వడ్డిస్తారు.

లీగు మొదలైంది. నిడదవోలు చొక్కాతో దొరబాబు తణుకు కోర్టులో అడుగుపెట్టిన రోజు ఊరంతా గోడెక్కింది. ఆయన మీద కాపలాకు ఫణీంద్రను పెట్టారు. ఆట మొదలవగానే గోడ మీద నుంచి ఒక గొంతు వినిపించింది.

"ఫణీ, ఎడమేపు వదిలెయ్యి. ఆ కాలు లేదు."

ఎవరా అని చూస్తే కామేశం గారు. దొరబాబు కోసం వారం రోజులు వాదించిన మనిషే. ప్రేమ వేరు, జట్టు వేరు.

ఫణీంద్ర వదిలేశాడు. దొరబాబు ఎడమవైపు నుంచి వెళ్ళి బంతి వేశాడు. కోపమొచ్చిన మనిషి ఆడే ఆట అది. కాలు లేనివాడు ఆ కాలివైపు నుంచే ఎలా వెళుతున్నాడని ఎవరైనా అడుగుతారేమోనని నాకు వణుకు పుట్టింది. ఒక్కరూ అడగలేదు. "నొప్పి ఓర్చుకుని ఆడేస్తన్నాడు" అన్నారు. ఆయన బంతి వేసిన కొద్దీ తణుకు అభిమానులు మ్యాచ్ పోతున్నందుకు ఒక కంటా, ఆయన మోకాలి కోసం ఇంకో కంటా నీళ్ళు పెట్టుకున్నారు. ఇటు ఫణీంద్ర తనకొచ్చిన బంతినల్లా గుండెలకు హత్తుకుని ఒంటరిగా పోరాడుతున్నాడు.

ఆఖర్లో దొరబాబు ఎగిరి కుడికాలి మీద దిగాడు. ఏ పట్టీ లేని కాలు. ఇన్నేళ్ళూ ఎవరూ పట్టించుకోని కాలు. పక్కింట్లో గోడ కూలినట్టు నాకు తెలిసింది. ఆయన కూలబడి కుడి మోకాలిని రెండు చేతులా పట్టుకున్నాడు.

అందరికంటే ముందు పరిగెత్తుకొచ్చింది సుబ్బరాజు. చెరుకురసం బండి మీది ఐసుగడ్డ తువ్వాల్లో చుట్టి తెచ్చాడు. తెచ్చి నా మీద పెట్టాడు. ఎడమ మోకాలి మీద.

"అటు పట్టుకున్నావేటి? నొప్పి ఆ కాలిక్కూడా పాకేసిందా?" అని దొరబాబు చేతులు తీసి ఎడమవైపు పెట్టాడు. ఐసు అదిమి పడుతూ ఏడ్చేశాడు. "ఈ కాలు మా కళ్ళ ముందు ఇరిగితే చూళ్ళేక పంపేద్దామన్నానయ్యా. పైఊళ్ళో ఇరిగితే కనపడదనుకున్నాను."

దొరబాబు ఆయన మొహంలోకి చూశాడు. ఆ కోపం కరిగిపోవడం నాకు కండలో తెలిసింది. చుట్టూ రెండు జట్లూ మూగి ఉన్నాయి. ఒక్క మాట చెబితే ఐసు సరైన కాలికి పడుతుంది.

"ఆయ్. ఎడమదేనండి," అన్నాడు.

నా వంటి మీద ఐసునీళ్ళు కారుతున్నాయి. పుట్టి బుద్ధెరిగాక నాకు జరిగిన మర్యాద అదొక్కటే. కానీ నిజంగా నొప్పి పుట్టిన మోకాలు జానెడు దూరంలో ఉంది, దాన్ని నేను అందుకోలేకపోయాను. పట్టీగా పుట్టినందుకు అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు.

డాక్టరు ఇక ఆట వద్దన్నాడు. నాలుగు రోజులకు ఫణీంద్ర మోటార్ల షాపుకు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"బాబాయ్, మీరు దిగింది కుడికాలి మీద. ఐసు ఎడందానికెట్టారు. మీరేం అన్లేదు."

ఇంత ఊళ్ళో కాలిని కాలిగా చూసినవాడు వాడొక్కడే. దొరబాబు చుడుతున్న రాగితీగ పక్కన పెట్టి, నన్ను ఎడమ కాలి నుంచి లాగి వాడి చేతిలో పెట్టాడు. "సైజు చూడకు, సాగుద్ది. ఎడమేపు దారి దొరుకుద్ది. దొరికిందని నువ్వే ఎయ్యకు. ఖాళీగా ఎవడున్నాడో చూసి బంతి ఆడికియ్యి. ఈ పట్టీకి అదే అద్దె."

మరి ఆయన కుడి మోకాలికో? మంగతాయారు వంటింట్లోంచి నా చెల్లెల్ని తెచ్చింది. ఎంత ఉతికినా మసి పోలేదు, పోపు వాసన పోలేదు. ప్యాంటు లోపల ఎవరికీ కనిపించదు కదా అని తొడిగేసింది. నాకు దక్కని పని దానికి దక్కింది. అసూయ పడలేదని చెప్పను.

మళ్ళీ ఏడు వచ్చింది, మళ్ళీ ఆదివారం పెసరట్లు. ఇప్పుడు దొరబాబు అభిమానుల బల్ల మీద కూర్చుంటున్నాడు. నేను ఫణీంద్ర కాలికి ఉన్నాను. వాడు బంతి ఇవ్వడం నేర్చుకున్నాడు, జట్టు గెలుస్తోంది. అందుకని సుబ్బరాజుకు బెంగ పట్టుకుంది.

"కుర్రోడి ఎడం మోకాలు చూశారా అండీ? ఇప్పుడే పట్టీ. అదీ ఎంత పాతదో. ముదరకముందే భీమవరానికి ఇచ్చేసి ఎవర్నన్నా తెచ్చుకుందాం. ఏటంటారు?"

రెండు మూడు చేతులు గాల్లోకి లేచాయి. కామేశం గారు దొరబాబు వైపు చూశారు.

"నేనూ చూశానండి, ఎడమదే," అన్నాడు దొరబాబు. "అయినా ఉండనివ్వండి. ఆ కాలితో ఇంకో పదేళ్ళు ఆడతాడు."

"నీకెలా తెలుసు?" అన్నాడు సుబ్బరాజు.

"నాకు తెలీకపోతే ఎవరికి తెలుస్తాదండీ."

ఆ మాట మీద సుబ్బరాజు కళ్ళల్లో మళ్ళీ నీళ్ళు తిరిగాయి. లేచిన చేతులు ఒక్కొక్కటే దిగాయి. ఆ అలికిడికి ఫణీంద్ర భయపడ్డాడేమో, విస్తరాకు పట్టుకుని అభిమానుల బల్ల పక్క నుంచి బాగా కుంటుకుంటూ నడిచాడు. కుడికాలు కుంటుకుంటూ.

దొరబాబు అల్లప్పచ్చడి మీంచి తల ఎత్తలేదు. పళ్ళ మధ్య నుంచి గొణిగాడు.

"ఎడం, ఎడం."