పగటికి బ్యాటరీ ఎందుకు

తొండుపల్లి చుట్టుపక్కల కుర్మయ్య జనరేటర్ తెలియని ఫంక్షన్ హాలు లేదు. పెళ్లిళ్లకు కిరాయికి ఇచ్చేవాడు. పనిలేని రోజుల్లో అది ఇంటి వాకిట్లోనే ఉండేది. కరెంటు పోతే దాన్నే నడిపేవాడు. ఇల్లు వెలిగేది, పొగ మాత్రం భార్య భాగ్యమ్మ ఊపిరితిత్తుల్లోకి పోయేది. ఇన్నేళ్ల పొగకు అవి చెడి, ఇప్పుడామె ముక్కుకు గొట్టం, మంచం పక్కన కరెంటుతో నడిచే ఆక్సిజన్ మిషన్. పొగ ఆపకపోతే మనిషి దక్కదని దవాఖానలో డాక్టరమ్మ మొహం మీదే చెప్పింది.

అన్నం పెట్టిన జనరేటరే పెళ్లాం గొంతు పిసికిందని కుర్మయ్య కుళ్లికుళ్లి ఏడ్చాడు. దాన్ని అమ్మేసి, ఇంటిమీద సోలార్ పలకలు పెట్టించాడు.

పలకలు బిగించిన రవీందర్ పోతూ పోతూ, "బాపు, బ్యాటరీ గూడ పెట్టించుకో. లేకుంటే కరెంటు పోయినప్పుడు..." అన్నాడు.

"బ్యాటరీ రాత్రికి గదా! మా ఊర్ల ఇప్పుడు రాత్రి కరెంటు పోదు. పోయేది పగలే, లైన్ల రిపేర్లకు. నెత్తి మీద సూర్యుడుండంగ పగటికి బ్యాటరీ ఎందుకురా?"

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషికి ఎవరు చెప్పగలరు? రవీందర్ తలూపి బండెక్కాడు. ఆ మిగిలిన సగం మాట చెప్పి పోతే వాడి సొమ్మేం పోయేదో! అవసరానికి ఇంట్లో పెట్టుకున్న ఆక్సిజన్ సిలిండర్‌ను కూడా కుర్మయ్య తిరిగిచ్చేశాడు.

"ఇగ సూర్యుడే మన ఇంట్ల పనిజేస్తడు" అన్నాడు భార్యతో.

"జీతమియ్యకుంటనేనా?" అని భాగ్యమ్మ ఆయాసపడుతూనే నవ్వింది.

వారం తిరక్కముందే, ఎండ మండిపోతున్న మధ్యాహ్నం, కరెంటు పోయింది. మిషన్ కీచుమని అరిచి ఆగిపోయింది. ఫ్యాను నిలిచింది.

కుర్మయ్య బెదరలేదు. పలకల మీద దుమ్ము పేరుకుందనుకున్నాడు. ప్లాట్ల వెంచర్లకు మట్టి లారీలు తిరిగే ఊళ్లో దుమ్ముకు కొదవా? బకెట్టు, తువ్వాలు పట్టుకొని మెట్లెక్కాడు. "జర ఓపిక పట్టు, ఇప్పుడే వస్తది" అని పైనుంచి కేకేశాడు. అరచేతులు కాలుతున్నా ఒక్కో పలకా కడిగి తుడిచాడు. నెత్తి మీంచి విమానం చెవులు చిల్లులు పడే మోతతో పక్కనున్న ఎయిర్‌పోర్టులోకి దిగింది. పలకలు తళతళలాడాయి. కింద ఫ్యాను మాత్రం తిరగలేదు.

అప్పుడు పుట్టింది భయం. పడుతూ లేస్తూ దిగొచ్చాడు. భాగ్యమ్మ మంచం పట్టెను పట్టుకొని, గుమ్మం వైపు తిరిగి ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. కుర్మయ్య కుదిపాడు, పిలిచాడు, గొట్టం సరిచేశాడు. కాసేపటికి కరెంటొచ్చి మిషన్ మళ్లీ గాలి పంపసాగింది, పీల్చే మనిషి లేకపోయినా.

దినాల రోజు రవీందర్ వచ్చాడు. తలెత్తకుండానే చెప్పాడు.

"బయట లైన్ల కరెంటు పోతే ఈ పలకలు గూడ బందైతయి బాపు. బ్యాటరీ ఉంటెనే ఇంటికి ఇస్తయి. బంద్ కాకుంటే మన కరెంటు లైన్లకు పోతది. స్తంభం మీద పనిజేసేటోడు సచ్చిపోతడు."

ఆ రోజు స్తంభం మీద ఉన్నది పక్కింటి లైన్‌మన్ మహేష్. చిన్నప్పుడు భాగ్యమ్మ చేతి ముద్దలు తిన్నవాడు. వాకిట్లో విస్తళ్లు వేస్తున్నవాడల్లా అక్కడే కూలబడి, మొహం కప్పుకొని ఏడ్చాడు.

కుర్మయ్యకు ఎవర్నైనా పట్టుకొని కొట్టాలనిపించింది. ఎవర్ని? బొబ్బలు మానని అరచేతులు చూసుకున్నాడు.

"నువ్వెందుకు ఏడుస్తవ్ బిడ్డా" అన్నాడు మహేష్ పక్కన కూర్చుని. "అది కిందనుంచి నన్ను పిలుస్తనే ఉండొచ్చు. నేను పైన పలకలు కడుగుతున్న."