ఫీమా చెయ్యి

గ్లఫీరా సావిచ్నా మొండి ఘటం. రష్యాను జారు చక్రవర్తి ఏలే రోజుల్లో పోలీసులు ఎన్ని దెబ్బలు కొట్టినా తోటి విప్లవకారుల పేర్లు చెప్పలేదు. సైబీరియాకు తరిమేస్తే అక్కడా కుదురుగా కూర్చోక, చేపలు పట్టేవాళ్ళ పిల్లల్ని పోగేసి అక్షరాలు దిద్దించింది. విప్లవం వచ్చాక, వోల్గా ఒడ్డున ఒక జమీందారు వదిలేసి పారిపోయిన ఇంట్లో అనాథ పిల్లలకు బడి పెట్టింది. మొగుడూ పిల్లలూ లేని మనిషికి ఆ బడే సంసారం.

కరువు ఏడాది స్టేషన్లో, చచ్చిపోయిన తల్లి కొంగు వదలకుండా కూర్చున్న పసిదాన్ని ఎత్తుకొచ్చింది. అదే ఫీమా. ఇప్పుడు పెళ్ళీడు పిల్ల, వేసవి పోగానే డాక్టరు చదువుకి కజాన్ పట్నం వెళ్ళబోతోంది. నలుగురిలో ఉన్నప్పుడు "గ్లఫీరా సావిచ్నా" అని మర్యాదగా పిలుస్తుంది. ఇద్దరే ఉంటే "గ్లాషత్తా" అని మీద పడిపోతుంది. అలా పడ్డప్పుడల్లా ముసలావిడ విసుక్కునేది, లోలోపల మురిసిపోయేది.

ఆ బడిలో ఏ సంగతైనా పిల్లల సభే తేల్చాలి. అందరూ చేతులెత్తాలి. ఒక్కరు ఎత్తకపోయినా, ఆ ఒక్కరు లేచి ఎందుకు ఎత్తలేదో చెప్పాలి, మిగతావాళ్ళు నోరు మూసుకుని వినాలి. పిరికి పిల్లలకు గొంతు రావాలని గ్లఫీరా పెట్టిన పద్ధతి అది. ఒకసారి ఒక బుడంకాయ లేచి జావ మాడు కంపు కొడుతోందంటే, వంటావిడ రోషంతో నెలరోజులు అలిగింది. గ్లఫీరా మాత్రం ఆ సంగతి కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకుని నవ్వింది.

ఆ ఏడు మాస్కోలో, విప్లవం నడిపిన పెద్దపెద్దవాళ్ళనే ప్రభుత్వం దేశద్రోహులంది. వాళ్ళ బొమ్మలు బడి పుస్తకాల్లో ఉన్నాయి. పిల్లలచేత ఆ ముఖాలకు సిరా పూయించమని పైనుంచి హుకుం వచ్చింది.

"పూయించను. మనిషి ముఖం మనిషి ముఖమే," అంది గ్లఫీరా.

వారం తిరక్కుండా పార్టీ జిల్లా కమిటీ నుంచి జుబారెవ్ దిగాడు. వెంట తోలు కోటు వేసుకున్న రహస్య పోలీసు ఒకడు. మధ్యాహ్నం క్యాబేజీ పులుసు గిన్నెలు ఇంకా తీయనే లేదు, భోజనాల గదిలోనే సభ పెట్టించారు. జుబారెవ్ మాట మెత్తన. అలాంటివాళ్ళంటేనే గ్లఫీరాకు ఒళ్ళు మంట.

"పిల్లలూ, ఈవిడ శత్రువుల మనిషి. బళ్ళోంచి తీసెయ్యాలంటున్నాను. తేల్చాల్సింది మీరే. చెయ్యెత్తనివాళ్ళు లేచి కారణం చెప్పాలటగా? భలే పద్ధతి! మేమూ వింటాం."

తోలు కోటువాడు కాగితం ముందుకు లాక్కుని పెన్సిలు చెక్కుకున్నాడు.

గ్లఫీరాకు భయమేసింది. తన సంగతి ఎప్పుడో తేలిపోయింది, అందుకు కాదు. ఇక్కడ లేచి మాట్లాడిన పిల్ల కజాన్ కాదు, తనతోపాటే జైలుకు పోతుంది. దేవుణ్ణి నమ్మని మనిషి, అయినా అందరూ చెయ్యెత్తెయ్యాలని లోపల మొక్కుకుంది. చేతులు ఒక్కొక్కటే లేచాయి. చిన్నవాళ్ళు ఏడుస్తూ ఎత్తారు. ఫీమా చేతులు మాత్రం ఒళ్ళోనే ఉన్నాయి.

"ఏమ్మా, డాక్టరమ్మా! లే, చెప్పు మరి," అన్నాడు జుబారెవ్.

ఫీమా లేచింది. "చెప్తాను. గ్లఫీరా సావిచ్నా నన్ను..."

"కూర్చో!" అని అరిచింది గ్లఫీరా. ఆ బడిలో ఒకరు చెబుతుంటే ఇంకొకరు అడ్డుపడటం అదే మొదలు. "నీకేం తెలుసని లేచావు? ఆయన చెప్పింది నిజమే. ఆ బొమ్మల్లో వాళ్ళు నా వాళ్ళు. అందుకే సిరా పూయించలేదు."

పెన్సిలు గరగరలాడింది.

"మనిషి ముఖం మనిషి ముఖమే అన్నారుగా!" అంది ఫీమా.

"పిల్లలకు ఏదో ఒకటి చెప్పాలిగా."

"గ్లాషత్తా..." అందరి ముందూ అనేసింది ఫీమా. "నిజం చెప్పు."

గ్లఫీరాకు ఆ పిల్లను గుండెకు హత్తుకుని భోరుమనాలనిపించింది. బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

"నిజమే చెబుతున్నానే. నీతో నేనెప్పుడైనా అబద్ధమాడానా?"

ఎప్పుడూ ఆడలేదు. అది ఫీమాకూ తెలుసు. ఆమె ముఖంలోకి చూస్తూ అలాగే నిలబడిపోయింది. తనని కజాన్ పంపడానికే ఆడిన అబద్ధమని పసిగట్టి ఏడుస్తూ ఎత్తుతుందిలే అని గ్లఫీరా ఆశపడింది. పిల్ల నమ్ముతుందని మాత్రం అనుకోలేదు.

ఫీమా ఏడవలేదు. గ్లఫీరా మీదనుంచి చూపు తిప్పేసుకుని, అందరికంటే పైకి చెయ్యెత్తింది.