సాక్షుల బోను పక్కన కర్ర

సుమైరాకు కోర్టులో వాదించడం కన్నా కోర్టును చూడడమే ఎక్కువ ఇష్టమని సీనియర్ వకీళ్లు ఏడిపిస్తుంటారు. అందులో అబద్ధమేమీ లేదు. ఒకప్పటి జాగీర్దారు బంగళాలోనే కోర్టు నడుస్తోంది. కేసు పిలిచేలోపు ఆమె కళ్లు డంగుసున్నం గోడల మీదా, టేకు దూలాల మీదా తిరిగి, ఆఖరికి సాక్షుల బోను పక్కన నేల నుంచి కప్పుదాకా నిలబెట్టిన మొద్దు కర్ర దగ్గర ఆగుతాయి. ఇంత చక్కని హాల్లో ఈ దిష్టిబొమ్మ ఎందుకో ఎవరూ చెప్పలేకపోయారు.

ఆ కర్రే ఇప్పుడు కొంప ముంచేలా ఉంది. జడ్జి రాకముందే బంగళాను పరీక్షించడానికి వచ్చిన ఇంజనీరు లింగమూర్తి దాన్ని చూసి పెదవి విరిచాడు.

"కప్పు కుంగబట్టే గద మేడం, కర్ర పెట్టిన్రు. ఇగ కూలగొట్టుడే. కోర్టు పెద్దపల్లికి పోతది."

ఊరుకుంటే బంగళా దక్కదు. సుమైరా నిచ్చెన తెప్పించి, నల్లకోటుతోనే ఎక్కి, కర్రకూ కప్పుకూ మధ్య ఒక కాగితం దూర్చింది. అది సాఫీగా ఇవతలికి వచ్చేసింది.

"సార్, ఇది కప్పును ముట్టనే లేదు."

లింగమూర్తి కూడా ఎక్కి చూశాడు. దూలాలన్నీ తట్టి చూశాడు. ఎక్కడా వంక దొరకలేదు. "మరి దేనికి పెట్టినట్టు?" అన్నాడు.

"నేనే పెట్టిన సారూ." సాక్ష్యం చెప్పడానికి వచ్చి బల్ల మీద కూర్చున్న బిక్షం లేచాడు. బొగ్గుగనిలో కప్పుకు కర్రలు నిలబెట్టే పని చేసి రిటైరైన మనిషి. "కోర్టు కొత్తగ వచ్చినప్పుడు మా బొగ్గుబాయోళ్లం సాక్ష్యానికొచ్చినం. ఇంత వెడల్పు కప్పు, నడుమ సపోర్టు లేదు. బాయిల సపోర్టు లేని కాడ అడుగు పెట్టం గద. ఒక్కడు గూడ బోనెక్కలే. అప్పటి జడ్జిసాబు నవ్వలే, కోపం చెయ్యలే. కర్ర తెచ్చుకోమన్నడు. కర్ర బిగిసేటట్టు పైన చెక్క దిగ్గొడితే కప్పు సున్నం రాలుతదని వద్దన్నడు. గందుకే గా సందు."

"సందున్నదని నీకు తెలుసు గద కాకా, మరి ఇప్పటికీ కర్ర తట్టినంకనే బోనెక్కుతవెందుకు?" సుమైరా ఉండబట్టలేక అడిగింది.

"నాకు తెలుసు బిడ్డా. నా కాళ్లకు తెల్వది."

లింగమూర్తి గుమ్మం దగ్గర నిలబడే రిపోర్టు రాశాడు. కట్టడం పదిలం, కోర్టు ఇక్కడే ఉండవచ్చు. పనికిరాని కర్ర తీసేయాలి.

అంతలో జడ్జి వచ్చారు. మొదటి పిలుపు బిక్షానిదే. ఆయన బోను ముందు ఆగి పైకప్పు చూశాడు, కర్రను అరచేత్తో తట్టాడు, అప్పుడు లోపలికి అడుగు పెట్టాడు.

లింగమూర్తి కలం మూత తీసి, రిపోర్టులో ఆఖరి వాక్యం కొట్టేశాడు.