గ్లాసులో సగం

"తిన్నావా?" అని పెళ్ళయిన పదహారేళ్ళలో నన్ను మొదట అడిగింది ఆసుపత్రి నర్సు. ఆవిడకు కావలసిందీ నేను తినకపోవడమే.

"ఏటీ తినలేదమ్మా," అన్నాను. "మంచిది," అంది. నా ఖాళీ కడుపుని మెచ్చుకున్న మనిషి కూడా ఆవిడే మొదలు.

నాకు ఏళ్ళుగా నొప్పి. తిన్న కాసేపటికి కడుపులో మొదలై వీపులోకి పాకుతుంది. కాఫీ తోటలో పళ్ళు కోస్తూ ముడుచుకుపోతే, "పని కాడికొచ్చేసరికే నీకు నొప్పొత్తాది," అనేది మా అత్త. డాక్టరైతే "తాగుతావా?" అని అడిగాడు. లేదన్నా నమ్మలేదు. తాగే నా మొగుడు ఫల్గుణ పక్కనే తల దించుకు కూర్చున్నాడు. స్కానింగులో ఏదీ సరిగ్గా తేలక చివరికి ఈ కొత్త రక్తపరీక్ష రాశారు. పాలలాంటిదేదో తాగాలట. క్లోమం బాగుంటే రక్తంలో ఒక హార్మోను పెరుగుతుందట, పాడైతే పెరగదట. పెరగకూడదనే కోరుకున్నాను. జబ్బుందని తేలితే, నేను అబద్ధం ఆడలేదని కూడా తేలుతుంది. అంతకు మించిన ఆశ నాకు మిగల్లేదు.

నర్సు అనురాధ ఒకసారి రక్తం తీసి, పెద్ద గ్లాసు చేతికిచ్చింది. "మొత్తం నువ్వే తాగాలి. పావుగంటకోసారి రక్తం తీస్తాను," అని పక్క మంచం దగ్గరకు వెళ్ళింది.

సగం తాగాను. ఫల్గుణ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. తొలి బస్సు అందుకోవాలని ఆ పొద్దున నేను అంబలి కాయలేదు. మనిషిని పస్తు కూర్చోబెట్టి ఎదురుగా గ్లాసుడు పాలు ఎలా తాగడం? గ్లాసు అతనికి అందించాను. గటగటా తాగేశాడు.

రెండోసారి సూది గుచ్చడానికి వచ్చిన అనురాధ అతని మీసాల మీద తెల్లచార చూసింది.

"ఏటి సేసినావు సోములమ్మా? ఈ టెస్టు ఇంక పనికిరాదు. వచ్చే నెల మళ్ళీ రావాలి."

వచ్చే నెల కాఫీ కోత. ఇక రాలేమని మా ఇద్దరికీ తెలుసు.

ఇంటికొచ్చాక అత్త అడిగింది, "ఏటి తేలింది?"

"ఏటీ తేల్లేదు," అన్నాడు ఫల్గుణ.

"నాను సెప్పలేదా," అంటూ ఆవిడ అంబలికి ఏరాల్సిన చోళ్ళ చేట నా ముందుకు తోసింది.

నేను అతని మొహంలోకి చూశాను. పెళ్ళయ్యాక అలా చూడటం అదే మొదటిసారేమో, అతను చూపు తిప్పుకున్నాడు.

"అలా సూత్తావేటి? నానడిగానేటి?"

నిజమే, అడగలేదు. ఈ పదహారేళ్ళలో అతనికి అడగాల్సిన అవసరం నేనొక్కసారీ రానివ్వలేదు.