బొడ్డు తెగిన తివైవై

ఆ బుధవారం పొద్దున తెపాయెరు దేవుడితో ఒక బేరం కుదుర్చుకుంది. మోకాళ్ళు వంగవు గనక మంచం అంచున కూర్చునే మాట్లాడింది.

"తండ్రీ, ఇదే ఆఖరుది. ఈ పాస్టరుగారికి కత్తిరించి ఇచ్చేస్తాను. తరవాత కత్తెర ముట్టను. నువ్విచ్చిన తలాంతు వాడాను, అరగదీశాను. ఇక నన్నొదిలెయ్యి."

న్యాయమైన బేరమేనని ఆమెకు అనిపించింది. ముప్ఫై ఏళ్ళు కొట్టు నడిపిన మనిషి. ఏ సరుకు ఎంతకాలం నిలుస్తుందో, ఎప్పుడు అటక మీదికి ఎత్తేయాలో తెలిసినదే. ఇప్పుడు అటకెక్కించాల్సిన సరుకు తన చేతులే.

పసిఫిక్ సముద్రంలోని ఈ అతియు దీవిలో ఆడవాళ్ళంతా తివైవై కుడతారు. మంచమంత గుడ్డను మడిచి, పువ్వులూ కొమ్మలూ వచ్చేలా కత్తిరించి, ఇంకో రంగు గుడ్డ మీద పరిచి నెలల తరబడి అతికి కుడతారు. కుట్టేవాళ్ళు ఊరినిండా ఉన్నారు. కత్తిరించే చెయ్యి మాత్రం ఏ తరానికైనా ఒకటో రెండో. ఇరవయ్యో ఏట నుంచీ ఊరి చర్చికి ఆ చెయ్యి తెపాయెరుదే.

యాభై నాలుగేళ్ళ లెక్క ఆమె దగ్గర నోటికుంది. పాస్టరుగారు అయిదేళ్ళకోసారి మారతారు, మారినప్పుడల్లా ఒకటి కప్పి సాగనంపాలి. అలా పది వెళ్ళాయి, ఇది పదకొండోది. పెళ్ళిళ్ళకు అరవై దాకా. మగపిల్లలకు మొదటిసారి జుట్టు తీసే పండగలకు ముప్ఫై అయిదు. ఇక చావులకైతే లెక్కే లేదు. ఎవరు పోయినా మంచి తివైవై చుట్టి పెట్టెలో పడుకోబెట్టాల్సిందే. తలాంతును మట్టిలో పాతిపెట్టకూడదని ప్రతి ఏడూ ప్రసంగంలో వింటుంది. విన్నప్పుడల్లా లోపల్లోపల, 'నాది సగం పాతిపెట్టినదేగా' అనుకుంటుంది.

తన ఇంట్లో తివైవై ఒక్కటే ఉండేది. భర్త పోయినప్పుడు దాన్ని ఆయనకే చుట్టింది. అప్పటి నుంచీ ఆమె మంచం మీద ఉన్నది కొట్టు మూసేసినప్పుడు అమ్ముడుపోక మిగిలిన బూడిదరంగు దుప్పటి.

దానికి బాధ లేదు. బాధ ఇంకొకటి. కొత్తల్లో కత్తిరించిన గుడ్డను మడత విప్పేటప్పుడు గుండె దడదడలాడేది. లోపల ఏముందో తనకే తెలిసేది కాదు. ఒక్కో మడతా విప్పుతుంటే ఒక తోట బయటికొచ్చేది. అప్పుడు ఎవరైనా పలకరిస్తే జవాబు కూడా చెప్పేది కాదు. ఇప్పుడా? విప్పకముందే తెలుసు. ఇరవై ఏళ్ళుగా ఆ మడతల్లో ఆమెకు తెలియనిది ఏదీ రాలేదు. చెయ్యి కోస్తుంది, మనసు ఇంటికెళ్ళి టీ కాచుకుంటుంది.

చర్చి హాల్లో ఆరుగురు ఆడవాళ్ళు చాపల మీద ఉన్నారు. ఆడపడుచు అకాయితి తలుపు దగ్గరే ఎదురొచ్చింది.

"రా వదినా. నీ మోకాళ్ళకని బల్లా కుర్చీ వేయించాను."

"చాప మీద కూర్చునే అలవాటే."

"కూర్చోడం అలవాటే, లేవడమే అలవాటు తప్పింది. పోయిన వారం నిన్ను లేపడానికి ముగ్గురం పట్టాం. నా నడుం ఇంకా కుదురుకోలేదు."

అందరూ నవ్వారు. తెపాయెరు కుర్చీలో కూర్చుంది.

గుడ్డ మడిచి ఇస్త్రీ చేసే పని వైరంగిది. నలభై ఏళ్ళ మనిషి, చెయ్యి శుభ్రం, మాట తక్కువ. ఎర్రగుడ్డను ఎనిమిది పొరలుగా త్రికోణంలా మడిచి బల్ల మీద పెట్టింది. ఆ త్రికోణానికి రెండు కొసలు అచ్చం ఒకేలా ఉంటాయి. ఒకటి గుడ్డ నడిమధ్య, దాన్ని తెపాయెరు బొడ్డు అంటుంది. ఇంకొకటి గుడ్డ మూల. కొమ్మలన్నీ బొడ్డు దగ్గర అతుక్కుని బయటికి పాకుతాయి. బొడ్డు తెగితే గుడ్డ ముక్కలైపోతుంది. చాప మీదైతే వైరంగి ఎప్పుడూ బొడ్డును తెపాయెరు మోకాళ్ళ వైపుకే ఉంచేది. ఈసారి బల్లకు అవతల నిలబడి పెట్టింది, అటుది ఇటైంది. తెపాయెరు చూసుకోలేదు. చూసుకుని ఎన్నేళ్ళయిందో!

సీమపనస కొమ్మ అనుకుంది. తన వైపు కొసలో లావుపాటి కాడ ఉంచింది. అక్కణ్ణుంచి ఆకులు కోసుకుంటూ పోయి, అవతలి కొసను గుండ్రంగా కత్తిరించి పడేసింది. పావుగంట పట్టలేదు.

"విప్పండి," అని కళ్ళు మూసుకుంది.

గుడ్డ విప్పుతున్న చప్పుడు ఆగింది. కళ్ళు తెరిచింది. నేల మీద నాలుగు కొమ్మలు, దేనికది విడిగా.

"అయ్యో అత్తా," అంది వైరంగి. మొహం తెల్లబోయింది. "తప్పు నాదే. నేనే తిప్పి పెట్టాను."

"కోసింది నువ్వా?" అంది తెపాయెరు. "ఊరుకో."

అకాయితి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తరవాత తేరుకుని గొంతు తగ్గించింది. "వదినా, ఏమనుకోకు. వయసు అందరికీ వస్తుంది. ఈసారికి పాస్టరుగారికి పెద్ద దీవి రరొటోంగా నుంచి మంచి కంబళి తెప్పిద్దాం. నువ్వు చాలా చేశావు. ఇది మేమే ఎలాగోలా అతికి కుట్టిస్తాం, నువ్వు ఇంటికి తీసుకెళ్ళు. నీ మంచం మీద ఆ బూడిద దుప్పటి చూస్తే నాకే సిగ్గేస్తోంది. కప్పుకో, హాయిగా పడుకో."

తెపాయెరు పొద్దున దేవుణ్ణి అడిగింది అడిగినట్టే వచ్చేసింది. విడుదల వచ్చింది. పైన కొసరుగా, అడగని దుప్పటి కూడా. దేవుడు బేరంలో ఇంత తొందరపడతాడని ఆమె అనుకోలేదు. 'సరే' అంటే అయిపోతుంది. అందామనే నోరు తెరిచింది.

కానీ కళ్ళు ఆ నాలుగు కొమ్మల మీదే ఉన్నాయి.

"నన్ను కింద కూర్చోబెట్టండి," అంది.

"మళ్ళీ లేపాలి వదినా!"

"లేపుతారు. పట్టండి."

ఇద్దరు పట్టుకుని దించారు. అడుగున వేయడానికి తెచ్చిన పచ్చగుడ్డను నేల మీద పరవమంది. ఒక్కో కొమ్మనూ దాని మూలకే చేర్చింది. కాడలు నాలుగు మూలల్లో, ఆకులు లోపలికి. ఆమె జన్మలో కొమ్మ మధ్యలోంచే మొలిచింది, బయటికే పాకింది. ఇవి అంచుల్లోంచి మొలిచి, నలుగురు మనుషులు దేన్నో చూడటానికి వంగినట్టు లోపలికి వంగాయి. మధ్యలో పచ్చగా ఖాళీ.

తెపాయెరు గుండె దడదడలాడింది. ముందు ఆయాసం అనుకుంది. కాదు. అది ఆమెకు తెలిసిన దడే, చాలాకాలంగా ఇటు రానిది.

"మధ్యలో ఏం పెడదాం అత్తా?" వైరంగి భయపడుతూ అడిగింది. "ఒక పువ్వు కోస్తావా?"

"ఏమీ వద్దు. అక్కడ మనిషి పడుకుంటాడు."

అకాయితి పకపకా నవ్వింది. "అయితే పాస్టరుగారు కొంచెం సన్నబడాలి. లేకపోతే ఆకులు ఆయన కింద కనపడకుండా పోతాయి!"

తెపాయెరు కూడా నవ్వింది. నవ్వు దగ్గుగా మారి, దగ్గు కన్నీళ్ళుగా మారింది. ఎవరో మంచినీళ్ళు తెచ్చారు.

"టాకాలు వేయండి," అంది గ్లాసు దించి. "ఇది పాస్టరుగారికే."

"నీ కోసం ఉంచుకోమన్నాగా?"

"ఇన్నేళ్ళలో ఇలాంటి సరుకు నా చేతి నుంచి రాలేదు అకాయితీ. పాడైపోయినదైతే ఇంటికి పట్టుకుపోయేదాన్ని."

"'తప్పు కోసింది' అని ఎవరైనా అంటే?"

"అననీ. కోశాను కదా!"

సూదుల్లో దారాలెక్కాయి. నేల మీద కూర్చున్నందుకు మోకాళ్ళు మండుతున్నాయి, బొటనవేలు కత్తెర పిడి ఒత్తుకుని వాచింది. వీటిలో ఏదీ తగ్గలేదు. రేపు పొద్దున మంచం దిగడం ఇంకా కష్టమవుతుందని తెలుసు. పొద్దున కుదిరిన బేరం గుర్తొచ్చి పైకి చూసింది. చెల్లదని ఎలా చెప్పాలో తోచలేదు. అయినా అవతల ఉన్నాయనకు తెలియదా ఏంటి?

"వైరంగీ," అని పిలిచింది. "తెల్లగుడ్డ ఏదైనా మిగిలి ఉందా?"

"ఉంది అత్తా. ఎవరికి?"

"ఇంకా ఎవరికీ కాదు. మడిచి ఉంచు. శుక్రవారం వస్తా." ఆ వెంటనే అంది, "బొడ్డు ఎటు పెడతావో నాకు చెప్పకు."