ఉప్పుమట్టి పళ్ళెం

పోతురాజు వంగి, చెరువు నీళ్ళను వేలితో నాలుకకు రాసుకుని తుపుక్కున ఉమ్మేశాడు. రాత్రి వానకు ఉప్పు తగ్గింది. ఉప్పలగుప్తం అవతల ఈ రొయ్యల చెరువులకు కాపలా కాసీ కాసీ అతని కాళ్ళు మోకాళ్ళ దాకా బూడిద రంగుకు తిరిగాయి. నోటికి మాత్రం వయసు రాలేదు. దూడంత రొయ్య ఒకటి, నీళ్ళకు గాలి పట్టించే ఏరేటరును వీపున వేసుకుని, గోదారి ఎదురీది జొన్నాడ దాకా పారిపోయిందనీ, తాను వెళ్ళి గెడ్డం పుచ్చుకుని బతిమాలి తెచ్చాననీ ఒట్టేసి మరీ చెప్పేవాడు.

మేత చల్లి, తన కాపలా మకాం ముందు బల్ల మీదున్న స్టీలు పళ్ళెం దగ్గరకొచ్చాడు. అందులో పగుళ్ళిచ్చిన ఉప్పుమట్టి. కాచి చల్లార్చిన నీళ్ళు చెంచాతో పోశాడు.

నీళ్ళు పరీక్ష చేసే శారోన్ స్కూటీ దిగుతూనే నవ్వింది.

“పుట్టిందా బాబాయి గారూ?”

“నెలలు నిండొద్దేటమ్మా!”

ఈ పిచ్చికి నిప్పంటించింది ఆ అమ్మాయే. జీవం మొట్టమొదట ఇలాంటి గుంటల అంచునే పుట్టి ఉండొచ్చని కొందరు శాస్త్రవేత్తలు అంటారట. తడిసినప్పుడు కలిసిన అణువులు, ఎండినప్పుడు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని గొలుసులు కడతాయట. “అలా లక్షల ఏళ్ళు పట్టుంటాదండి” అని కూడా చెప్పింది. ఆ మాట పోతురాజు చెవిన వేసుకోలేదు.

“మట్టి కూడా మూకుట్లో వేయించేనమ్మా. దొంగచాటుగా దూరిన జీవం మనది కాదు కదా!”

అతని పెళ్ళాం మరిడమ్మ మాత్రం ఆ పళ్ళెం వంక చూసేది కాదు. పెళ్ళయిన కొత్తలో ఆమె కన్న పిల్ల ఒక్క ఏడుపైనా ఏడవకుండానే పోయింది. ఈ చెరువుల పక్క ఉప్పునేలలోనే పోతురాజు పూడ్చాడు. అప్పటిదాకా అతని కోతలకు పడీ పడీ నవ్విన మనిషి, ఆపైన నవ్వలేదు. ఊపిరి లేని మట్టిలో ఏదో ఒకటి కదిలితే తెచ్చి ఆమెకు చూపించాలి. అతనికున్న ఆశల్లా అదే.

మధ్యాహ్నం ఆమె క్యారేజీ తెచ్చేసరికి పోతురాజు మంచం మీద నోరు తెరుచుకుని పడున్నాడు. ఆమె అడుగుల చప్పుడు వింటే చచ్చినట్టు పడుకోవడం అతనికి రోజూ ఉన్న వేషమే.

“లెగవయ్యా, పులుసు చల్లారిపోద్ది.”

లేవలేదు.

“ఆయ్, చచ్చిపోయేవులే! ముందు తిని చావు.”

ముద్ద కలిపి నోటి దగ్గర పెట్టింది. పెదవి మీద ఈగ వాలింది. అతను తోలుకోలేదు. ముద్ద పట్టుకున్న చెయ్యి చాలాసేపు అలాగే ఉండిపోయింది.

పోతురాజు దినాలు వెళ్ళాక మరిడమ్మ మకాంకి వచ్చింది. పళ్ళెంలో మట్టి పెంకులు లేచింది. ఆమె చెరువులో దోసిలి ముంచడం చూసి శారోన్ గాభరా పడింది.

“కాచిన నీళ్ళు పొయ్యాలండి పిన్నిగారూ! చెరువు నీళ్ళలో అన్నీ బతికున్నయ్యేనండి.”

“తెలుసమ్మా” అంది మరిడమ్మ. “ఇంకా ఎంతకాలమని ఎదురు చూత్తాడు ఆయన?”

దోసిలి పళ్ళెంలో వంపేసింది.

వారం తిరిగేసరికి, ఎండకు గోరువెచ్చబడిన ఆ పళ్ళెం అంచున, పసిపిల్ల మాడు మీద నూగులా, సన్నగా పచ్చదనం పట్టింది.