పదోది లేని ట్రే

పెద్ద ఆపరేషన్ ట్రేలో ముప్పై రకాల పరికరాలుంటాయి. ఆసుపత్రిలో వాటిని కడిగి, వరసగా సర్ది, గుడ్డ చుట్టి ఆవిరి యంత్రంలో పెట్టే గదిలో పెద్దక్క ఇరవై ఆరేళ్లుగా పనిచేస్తోంది. పెద్దక్క అనే పేరు తోటివాళ్లు పెట్టారు. ఆమెకంటే ముందు చేరినవాళ్లు ఇప్పుడు ఆ గదిలో లేరు.

నిరుడు కొత్త నియమం వచ్చింది. ట్రే సర్దేవాళ్లు పరీక్ష నెగ్గాలి. ముప్పైలో ఇరవై నాలుగు పరికరాల పేర్లు సరిగా చెప్పాలి. మూడు అవకాశాలిస్తారు. మూడూ పోతే బట్టల విభాగానికి మారుస్తారు. అది నేలకింది అంతస్తులో ఉంది. అక్కడివాళ్లు దుప్పట్ల మూటలతో ముప్పై నాలుగు మెట్లు ఎక్కాలి. లిఫ్టు రోగులకే. పెద్దక్క మోకాళ్లు ఇంటిముందు ఉన్న అయిదు మెట్లకే మొరాయిస్తున్నాయి.

పరీక్ష రెండుసార్లు పోయింది. మొదటిసారి ఆమె తమ గదిలో వాడే పేర్లే చెప్పింది. పొడుగు ముక్కుదాన్ని కొంగ అంది, కొసన పళ్లు లేనిదాన్ని బోసినోరు అంది. పరీక్షాధికారి నవ్వాడు గాని మార్కు వెయ్యలేదు. రెండోసారి అచ్చు జాబితా మొత్తం, ట్రేలో సర్దే వరసలోనే, కంఠతా పట్టి వెళ్లింది. తొమ్మిది వచ్చాయి. మూడో పరీక్షకి ఇరవై రోజులుంది.

ఆ రోజు మధ్యాహ్నం డ్యూటీ దిగి వచ్చి, చెప్పులు గుమ్మం దగ్గర వదిలి, వంటగది బల్ల ముందు కూర్చుని జాబితా తీసింది. ఎదురుగా కోడలు ఉంది. టీచరు శిక్షణ పరీక్షకి చదువుతోంది. ఆమె ముందున్నది పిల్లలు ఎలా నేర్చుకుంటారో చెప్పే పుస్తకం. పేజీల్లో సగం పసుపు రంగు గీతలే.

"ఎన్నోసారి అత్తయ్యా చదవడం?"

"ఎన్నోసారో ఏంటి. వచ్చేసింది. చూడకుండా చెప్తాను విను."

మొదటిదాని నుంచి ముప్పయ్యోదాని దాకా ఆగకుండా చెప్పింది. కోడలు జాబితా తన వైపు తిప్పుకుంది.

"పదిహేడోది?"

పెద్దక్క వేళ్లు బల్లమీద ఎడమ నుంచి కదిలాయి. పెదవులు కూడా కదిలాయి. అర నిమిషం తర్వాత పేరు చెప్పింది.

"మళ్లీ మొదటి నుంచి వచ్చారా?"

"ఏడో ఎక్కం మధ్యలో అడిగితే నువ్వెక్కణ్ణుంచి వస్తావు?"

"పోయినసారి మార్కుల కాగితం ఉందా?"

"దాన్ని దాచుకుని పటం కట్టించుకోవాలా?" అంటూనే బియ్యం డబ్బా వెనక నుంచి తీసి ఇచ్చింది.

కోడలు కాగితాన్ని జాబితా పక్కన పెట్టి వేలితో ఒక్కో గడీ చూసుకుంటూ పోయింది. తొమ్మిది వరకు ఒప్పులు. అక్కణ్ణుంచి ఇరవై తప్పులు.

"అత్తయ్యా, ఆ రోజు ట్రేలో పదోది ఉందా?"

పెద్దక్క కాసేపు ఆలోచించింది. "కొంగ లేదు. మరమ్మతుకి పంపారన్నారు. ముందే చెప్పారు కూడా."

"మీరు మాత్రం దాని పేరు చెప్పేశారు. పదకొండోదానికి పదోదాని పేరు, పన్నెండోదానికి పదకొండోది. చివరిదాకా అంతే. ఇరవై తప్పులు కావివి. ఒకే తప్పు."

పెద్దక్క కాగితం లాక్కుని చూసింది. చాలాసేపు చూసింది. ఇరవై ఆరేళ్లుగా కళ్లు మూసుకుని పట్టుకునే వస్తువులవి. ఆ రోజు చెయ్యి ఒక్కోదాన్నీ తాకుతూనే ఉంది, నోరు మాత్రం తన పాట తాను పాడుకుంటూ పోయింది.

"జాబితా చూస్తే అన్నీ తెలిసినట్టే ఉంటాయి. చూస్తే గుర్తుపట్టడం వేరు, చూడకుండా గుర్తు తెచ్చుకోవడం వేరు. పుస్తకంలో ఉంది," అంది కోడలు.

"పుస్తకంలో మోకాళ్ల గురించి ఏమన్నా ఉందా?"

మర్నాడు పెద్దక్క పనిగదిలో పారేసే కాగితాల మీద పరికరాలు పెట్టి, చుట్టూ పెన్సిలుతో గీసి తెచ్చింది. కోడలు ముప్పై చీటీలు కత్తిరించి వెనక పేర్లు రాసింది. పేకముక్కల్లా కలిపి ఒక్కోటి చూపించింది. పదకొండు వచ్చాయి.

"చదివినప్పుడు ముప్పై వచ్చాయి. నువ్వడిగేసరికి పోయాయి," అంది పెద్దక్క.

"పోలేదు అత్తయ్యా. అసలు లేవు."

"అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తారంటారు. నువ్వు చీటీల మీద చూపిస్తున్నావు."

రెండో రోజు పద్నాలుగు. మూడో రోజు కోడలు చీటీలు తియ్యలేదు. నాలుగో రోజూ తియ్యలేదు. పెద్దక్కకి అది నచ్చలేదు. ఒకరోజు వదిలేస్తేనే అయిదు పేర్లు జారిపోతున్నాయంది.

"కొంచెం జారాలనే. జారినదాన్ని వెతికి తెచ్చుకుంటేనే నిలబడుతుందిట."

"నా వయసులో జారింది ఎక్కడికి పోతుందో ఎవరికి తెలుసు."

అయిదో రోజు పదహారు. తొమ్మిదో రోజు పందొమ్మిది. తప్పు చెప్పిన చీటీని కోడలు వెంటనే తిప్పి చూపించేది కాదు, ఇంకోసారి ఆలోచించమనేది. పెద్దక్క కణతలు నొక్కుకునేది. ఒక్కోరోజు బల్లమీద తల ఆనించి, కళ్లు మూసుకునే, "అడుగు," అనేది. చూడకుండా బొమ్మ పేరెలా చెప్తారని కోడలు అడిగితే, "అందుకే కాస్త ఆగు," అనేది. పద్దెనిమిదో రోజు ఇరవై మూడు వచ్చాయి. ఒకటి తక్కువ. కోడలు చీటీలకి రబ్బరు బ్యాండు వేసింది.

పరీక్ష గదిలో అధికారి పరికరాలను బల్లమీద కుప్పగా పోశాడు. ఒక్కోటి తీసి ఆకుపచ్చ గుడ్డ మీద పెట్టి పేరు అడిగాడు. నాలుగోదానికి పెద్దక్క ఆగిపోయింది. ఒళ్లో వేళ్లు ఎడమ నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టాయి. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని వాటిమీద కూర్చుంది.

"చెయ్యి నొప్పా అమ్మా?" అన్నాడు అధికారి.

"లేదు సార్. అది ఊరుకోదు. అందుకని."

కొంగ పదమూడో వస్తువుగా వచ్చింది. పెద్దక్క దాన్ని చూసింది, అసలు పేరు చెప్పింది.

ఇరవై అయిదు వచ్చాయి. ఇన్‌చార్జి నర్సు సంతకం పెట్టి కాగితం చేతికిచ్చింది.

"ట్రే గదిలోనే ఉంటావు పెద్దక్కా. ఇది రెండేళ్లు చెల్లుతుంది."

"తర్వాత?"

"తర్వాత మళ్లీ రాయాలి."

పెద్దక్క కాగితం మడిచి జేబులో పెట్టుకుని, డ్యూటీ అయ్యేదాకా ఏడు ట్రేలు సర్దింది. ఇంటిముందు మెట్లు గోడ పట్టుకుని ఎక్కింది. ఇంట్లో కోడలు కాగితం చదివింది, రెండుసార్లు చదివింది.

"ఏ అయిదు పోయాయి అత్తయ్యా?"

"గుర్తుంటే ఎందుకు పోతాయి."

కోడలు నవ్వింది. పెద్దక్క కుర్చీలో కూర్చుని మోకాళ్లు చాపుకుంది. బల్లమీది చీటీల కట్ట తీసి చెత్తబుట్ట వైపు చెయ్యి చాపింది.

"పారెయ్యకండి. రెండేళ్లకి మళ్లీ కావాలిగా. నెలకోసారి అడుగుతాను."

"ఇవాళ వద్దు."

"ఇవాళ అడగకూడదు కూడా."

పెద్దక్క రబ్బరు బ్యాండు తీసింది. చీటీలు ఒక్కోటి చూసి అయిదు వేరు చేసింది, వాటిని పైన పెట్టి మళ్లీ కట్టింది. ఆ కట్టను బియ్యం డబ్బా వెనక పెట్టడానికి లేవాలి. కాసేపు లేవలేదు.